స్వరాలకూ సెన్సారు!

ఒక చెల్లో. ఒక పియానో. అరగంట సంగీతం. అందులో ఒక్క మాటైనా ఉండదు. అయినా అది జనం చెవిన పడాలంటే ముందు అధికారులు విని తలూపాలి! స్టాలిన్‌ నీడలో పుట్టిన రెండు సొనాటాల కథ ఇది.

1936 జనవరి 28. తెల్లసముద్రానికి దగ్గర్లో, మంచులో కూరుకుపోయిన రష్యా పట్టణం అర్ఖంగెల్స్క్‌. కళ్లద్దాలు పెట్టుకున్న ఓ బక్కపలచని యువకుడు ఆరోజు ‘ప్రావ్దా’ పత్రిక కొన్నాడు. పేజీలు తిప్పుతుంటే మూడో పేజీలో ఓ శీర్షిక కనిపించింది. ‘సంగీతం బదులు గందరగోళం’! ఆ వ్యాసం తిట్టింది మరెవర్నో కాదు, అతన్నే.

అతని పేరు దిమిత్రీ షోస్టకోవిచ్‌. వయసు 29. అప్పటికే దేశమంతా తెలిసిన స్వరకర్త. కచేరీ కోసం ఆ ఊరొచ్చాడు. వెంట చెల్లో విద్వాంసుడు విక్టర్‌ కుబాత్‌స్కీ ఉన్నాడు. చెల్లో, పియానోల కోసం తాను రాసిన సొనాటాను అతనితో కలిసి వినిపించడానికి వచ్చాడు షోస్టకోవిచ్‌. అంటే... వాయించాల్సింది ఒక సంగీతం, పత్రిక దుమ్మెత్తిపోసింది మరో సంగీతాన్ని. కానీ రెండూ రాసిన చెయ్యి ఒక్కటే.

ఇంతకీ ఏం జరిగింది? అంతకు రెండు రోజుల ముందు మాస్కోలోని బొల్షోయ్‌ థియేటర్‌కు స్టాలిన్‌ వచ్చాడు. షోస్టకోవిచ్‌ రాసిన ‘లేడీ మాక్‌బెత్‌ ఆఫ్‌ ద మ్సెన్స్క్‌ డిస్ట్రిక్ట్‌’ అనే ఒపెరా ఆడుతోంది. రెండేళ్లలో లెనిన్‌గ్రాడ్‌, మాస్కో నగరాల్లో కలిపి దాదాపు రెండొందల ప్రదర్శనలు పూర్తిచేసుకున్న ఒపెరా అది. విదేశాల్లోనూ పేరు తెచ్చుకుంది. ఆ రాత్రి షోస్టకోవిచ్‌ కూడా హాల్లోనే ఉన్నాడు. స్టాలిన్‌ తన బాక్సులో కూర్చుని చూశాడు. పూర్తికాకుండానే లేచి వెళ్లిపోయాడు. స్వరకర్తను పిలిపించలేదు, ఒక్క మాటా అనలేదు.

ఆ మాట ‘ప్రావ్దా’ అంది. వ్యాసం కింద సంతకం లేదు. సోవియట్‌ దేశంలో సంతకం లేని వ్యాసానికి ఒకటే అర్థం... మాట్లాడుతున్నది విలేకరి కాదు, పార్టీ. ఈ ఆట ఇలాగే సాగితే పర్యవసానం చెడ్డగా ఉంటుందన్న హెచ్చరిక కూడా అందులో ఉంది. నిన్నటిదాకా పొగిడిన విమర్శకులు మర్నాటినుంచి తప్పు తెలుసుకున్నామంటూ వరసకట్టారు.

ఆ పరిస్థితిలో షోస్టకోవిచ్‌ చేసిన పని విచిత్రంగా ఉంటుంది. తన గురించి పత్రికల్లో వచ్చే ప్రతి ముక్కా కత్తిరించి పంపే ఏర్పాటు చేయమని అర్ఖంగెల్స్క్‌ నుంచే స్నేహితుడు ఐజక్‌ గ్లిక్‌మన్‌కు తంతి కొట్టాడు. తర్వాత ఆ తిట్లన్నీ ఓ ఆల్బమ్‌లో వరసగా అంటించుకున్నాడు.

ఇద్దరి సంభాషణ

సొనాటా సంగతికొద్దాం. చెల్లో అంటే వయొలిన్‌కు పెద్దన్నలాంటిది. కుర్చీలో కూర్చుని మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని కమానుతో వాయిస్తారు. నాలుగు తీగలు. అడుగు తీగ మీద మగవాడి గంభీరమైన గొంతులా, పై తీగ మీద ఆర్తిగా పాడే గాయకుడిలా పలుకుతుంది. పక్కన పియానో ఉన్నా అది తాళం వేసే తోడు వాద్యం కాదు. సొనాటాలో ఇద్దరూ సమానులే. ఒకరు అడుగుతారు, ఒకరు చెబుతారు. కొన్నిసార్లు మాటకు మాట తగులుకుంటుంది కూడా.

షోస్టకోవిచ్‌ సొనాటా 1934లో రాసింది. భార్య నీనాతో ఎడబాటు వచ్చిన రోజులవి. ఆ ఏడాది డిసెంబరు 25న లెనిన్‌గ్రాడ్‌లో కుబాత్‌స్కీ చెల్లో మీద, షోస్టకోవిచ్‌ పియానో మీద దాన్ని తొలిసారి వినిపించారు. నాలుగు భాగాలు. మొదటిది హాయిగా పాడుకునేట్టే ఉంటుంది. రెండోది గిరగిరా తిరిగే మొరటు నాట్యం. మూడోది మాత్రం ఉన్నట్టుండి చీకట్లోకి దిగిపోతుంది. చాలా నెమ్మదిగా, దాదాపు నిర్జీవంగా. నాలుగో భాగంలో మళ్లీ అల్లరి, వెక్కిరింత.

ఈరోజు ఆ మూడో భాగం విన్నవాళ్లెవరైనా ‘స్టాలిన్‌ భయం వినిపిస్తోంది’ అనేస్తారు. తమాషా ఏంటంటే, అది రాసేనాటికి ‘ప్రావ్దా’ వ్యాసం రావడానికి ఇంకా ఏడాదికి పైనే ఉంది! చరిత్ర తెలిసిన చెవి సంగీతంలో తనకు కావలసింది వెతుక్కుంటుంది. ఆ రోజుల్లో సెన్సారు అధికారులు చేసిందీ అదే. కాకపోతే వాళ్ల దగ్గర ముద్ర ఉండేది, మన దగ్గర లేదు.

మాటల్లేని నేరం

పాటను నిషేధించడం మనకు కొత్తకాదు. ‘మాకొద్దీ తెల్లదొరతనము’ రాసినందుకు గరిమెళ్ల సత్యనారాయణ జైలుకెళ్లారు. అక్కడ తెల్లవాళ్లకు కోపం తెప్పించింది మాట. మరి మాటేలేని సంగీతంలో నేరాన్ని పట్టుకోవడమెలా?

దానికి సోవియట్‌ అధికారులు కనిపెట్టిన పదం ‘ఫార్మలిజం’. విషయంకన్నా రూపానికి ఎక్కువ విలువివ్వడం, జనానికి అర్థంకాకుండా రాయడం, నోటికి పట్టుబడే బాణీ లేకపోవడం... ఇవన్నీ ఆ గంపలోకే వచ్చేవి. ఏది ఫార్మలిజమో, ఏది కాదో తేల్చే కొలబద్ద మాత్రం ఎక్కడా లేదు. ఆ పదం బలమంతా అందులోనే ఉంది. గీత ఎక్కడుందో తెలిస్తే మనిషి దానికి ఇవతల నిలబడతాడు. తెలియకపోతే? ఎక్కడ కాలు పెట్టాలన్నా వణుకే.

పైగా పాశ్చాత్య సంగీతంలో సెన్సారుకు ఓ సౌకర్యం ఉంది. మన కచేరీలో విద్వాంసుడు రాగాలాపన వేదిక మీదే అల్లుతాడు. ముందుగా తెప్పించుకుని పరిశీలించడానికి కాగితం ఏమీ ఉండదు. అక్కడ అలాకాదు. ప్రతి స్వరమూ ముందే రాసి ఉంటుంది. ఆ కాగితాన్ని అచ్చువేయాల్సింది ప్రభుత్వ ప్రచురణ సంస్థ. కచేరీ హాలు ప్రభుత్వానిది. రేడియో ప్రభుత్వానిది. ఏం ప్రదర్శించవచ్చో చెప్పడానికి ‘గ్లావ్‌రెపెర్త్‌కోమ్‌’ అనే కమిటీ ఒకటి. స్వరకర్తకు పని, ఇల్లు, సెలవులకు విడిది... అన్నీ స్వరకర్తల సంఘం చేతుల్లోనివే. సంగీతాన్ని ఆపడానికి పోలీసే రానక్కర్లేదు. ఎవరో ఒకరు ‘చూద్దాం’ అంటే చాలు.

పది రోజుల తేడా

రెండో సొనాటా కథ 1948లో మొదలవుతుంది. ఆ ఏడాది ఫిబ్రవరి 10న పార్టీ కేంద్రసంఘం సంగీతం మీద ఓ తీర్మానం చేసింది. వెనక నడిపించింది పార్టీలో సాంస్కృతిక వ్యవహారాలు చూసే ఆంద్రీ జ్దానోవ్‌. సాకు, మురదేలీ అనే స్వరకర్త రాసిన ఓ ఒపెరా. కానీ వేటు పడింది పెద్దలమీద. షోస్టకోవిచ్‌, ప్రొకోఫియెవ్‌, ఖచతుర్యాన్‌, మ్యాస్కోవ్‌స్కీ... దేశానికి పేరు తెచ్చినవాళ్లంతా ఫార్మలిస్టులేనని తేల్చేసింది. నాలుగు రోజులకే గ్లావ్‌రెపెర్త్‌కోమ్‌ నుంచి ప్రదర్శించకూడని రచనల చిట్టా వచ్చింది. ప్రొకోఫియెవ్‌ ఎనిమిదో పియానో సొనాటా కూడా అందులో ఉంది. అది రెండేళ్ల క్రితమే స్టాలిన్‌ బహుమతి అందుకున్న రచన!

సెర్గెయ్‌ ప్రొకోఫియెవ్‌ కథ వేరు. విప్లవం తర్వాత 1918లో రష్యా వదిలి అమెరికా, ఫ్రాన్సుల్లో గొప్పగా బతికిన మనిషి. పుట్టినగడ్డ మీద మమకారంతో 1936లో కుటుంబంతోసహా మాస్కో వచ్చి స్థిరపడ్డాడు. అంటే... షోస్టకోవిచ్‌ను ‘ప్రావ్దా’ చీల్చి చెండాడిన ఏడాదే! భార్య లీనా స్పెయిన్‌లో పుట్టిన గాయని. తర్వాతి కాలంలో ఇద్దరూ విడిపోయారు. 1948 జనవరిలో ప్రొకోఫియెవ్‌ మీరా మెండెల్‌సన్‌ను పెళ్లాడాడు. ఫిబ్రవరి 10న తీర్మానం వచ్చింది. సరిగ్గా పది రోజులకు, ఫిబ్రవరి 20న లీనాను అరెస్టు చేశారు. గూఢచర్యం అన్నారు. 20 ఏళ్ల శిక్ష వేశారు. ఎనిమిదేళ్లు నిర్బంధంలో గడిపి 1956లో బయటకొచ్చేసరికి ప్రొకోఫియెవ్‌ చనిపోయి మూడేళ్లు దాటింది.

ప్రొకోఫియెవ్‌ అప్పటికే అనారోగ్యంతో ఉన్నాడు. 1945లో కిందపడి తలకు దెబ్బ తగిలినప్పటినుంచీ రక్తపోటు వదల్లేదు. రోజుకు ఎక్కువసేపు రాయకూడదన్నారు డాక్టర్లు. తీర్మానం వచ్చాక తప్పు ఒప్పుకుంటూ స్వరకర్తల సభకు ఉత్తరం పంపాడు. అతని రచనలు కచేరీల్లోంచి మాయమయ్యాయి. వాటితోపాటు రాబడీ పోయింది. ఆ రోజుల్లో తరచూ ఆయన దగ్గరికి వెళ్లిన చెల్లో కళాకారుడు మిస్తిస్లావ్‌ రోస్ట్రోపోవిచ్‌ తర్వాతెప్పుడో ఓ సంగతి చెప్పాడు. ఒకరోజు పొద్దున్నే ప్రొకోఫియెవ్‌ కనిపించి, ఇంట్లో తిండికి కూడా డబ్బుల్లేవన్నాడట. రోస్ట్రోపోవిచ్‌ స్వరకర్తల సంఘానికి పరుగెత్తి, అక్కడి పెద్ద తిఖోన్‌ ఖ్రెన్నికోవ్‌ను అడిగి డబ్బు తెచ్చి ఇచ్చాడట. ఫార్మలిస్టుల మీద సభల్లో విరుచుకుపడింది ఆ ఖ్రెన్నికోవే. అడిగితే సాయం చేసిందీ ఆయనే.

స్టాలిన్‌ ఫోన్‌

1949 మార్చిలో ఓ వింత జరిగింది. న్యూయార్క్‌లో జరిగే శాంతి మహాసభకు సోవియట్‌ బృందంతో షోస్టకోవిచ్‌ను పంపాలనుకున్నారు. ఆయన వెనకాడాడు. ఒకరోజు ఇంటికి ఫోన్‌ వచ్చింది. అవతలి గొంతు స్టాలిన్‌ది! అమెరికాలో నా సంగీతం వాయిస్తుంటారు, ఇక్కడేమో నిషేధం, అక్కడ అడిగితే ఏం చెప్పను... అన్నాడు షోస్టకోవిచ్‌. నిషేధమా, ఎవరు విధించారు, మేము అలాంటి ఆదేశమే ఇవ్వలేదే... అన్నాడట స్టాలిన్‌. మార్చి 16న ఆ చిట్టా రద్దయింది. పైగా దాన్ని తయారుచేసినందుకు కమిటీకి చీవాట్లు కూడా!

దాంతో సమస్య తీరిపోయిందనుకుంటే పొరపాటే. చీటీ చిరిగింది, భయం చిరగలేదు. అసలు తీర్మానం అలాగే ఉంది. నిషేధం ఉన్నప్పుడు ఏది వాయించకూడదో కనీసం తెలిసేది. ఇప్పుడు దేన్ని వాయిస్తే ఎవరు ఏమంటారో ఎవరికీ తెలియదు.

ప్రొకోఫియెవ్‌ చెల్లో, పియానోల కోసం సొనాటా రాసింది సరిగ్గా ఆ సంవత్సరమే.

రెండుసార్లు పరీక్ష

వాయించేవాళ్లు సామాన్యులు కాదు. చెల్లో మీద రోస్ట్రోపోవిచ్‌, వయసు ఇరవై రెండు. పియానో మీద స్వ్యతస్లావ్‌ రిక్టర్‌, ముప్ఫై నాలుగు. రిక్టర్‌ తండ్రి జర్మన్‌ సంతతివాడు. ఒడెస్సాలో సంగీతం చెప్పుకునే ఆయన్ని 1941లో జర్మన్‌ గూఢచారి అన్న అభియోగం మీద సోవియట్‌ అధికారులే కాల్చిచంపారు. అలాంటి కొడుకు ఇప్పుడు అధికారుల ముందు కూర్చుని, మరో మనిషి రాసిన సంగీతంలో ద్రోహమేమీ లేదని తన వేళ్లతో చూపించాలి.

మొదట స్వరకర్తల సంఘంలో వాయించారు. కొత్త రచనల తలరాత తేలేది అక్కడే. ప్రొకోఫియెవ్‌ మరో గొప్ప రచన చేశాడా, లేక మళ్లీ ‘ప్రజావ్యతిరేక’ సంగీతమే రాశాడా... అన్నది అక్కడివాళ్లు తేల్చాలని రిక్టర్‌ తర్వాత వ్యంగ్యంగా గుర్తుచేసుకున్నాడు. ఒక్కసారితో అయిపోలేదు. మూడు నెలల తర్వాత రేడియో కమిటీలో స్వరకర్తల సమావేశం ముందు మళ్లీ వాయించాల్సివచ్చింది. టికెట్టు కొన్న జనం వినడానికి మరుసటి ఏడాది దాకా ఆగాలి.

ఆ గదిలో కూర్చున్నవాళ్ల పరిస్థితి ఆలోచిస్తే వాళ్లమీదా జాలేస్తుంది. వాళ్లలో చాలామంది సంగీతం తెలిసినవాళ్లే. మంచి రచన వింటే గుర్తుపట్టగలిగినవాళ్లే. కానీ ‘బాగుంది’ అన్నాక రేపు పైవాళ్లు ‘బాగాలేదు’ అంటే? ‘బాగాలేదు’ అన్నాక పైవాళ్లకు నచ్చితే? అదే ఏడాది మార్చిలో గ్లావ్‌రెపెర్త్‌కోమ్‌కు అలాంటి అనుభవమే అయింది కదా! మరోసారి విందాం, ఇంకొంతమంది విననీ... అనడమే అన్నిటికన్నా క్షేమం. రెండో పరీక్షకు అంతకుమించిన కారణం వెతకనక్కర్లేదేమో.

1950 మార్చి 1న మాస్కో కన్సర్వేటరీ చిన్న హాల్లో ఆ సొనాటా ఎట్టకేలకు జనం ముందుకొచ్చింది.

లొంగుబాటా... కాదా?

మూడు భాగాలు, ఇరవై అయిదు నిమిషాలకు కాస్త అటూఇటూ. విన్నవాళ్లను మొదట ఆశ్చర్యపరిచేది దాని ప్రశాంతత. అసలే సి మేజర్‌... పియానో నేర్చుకునే పిల్లలు తెల్లమెట్ల మీద మొట్టమొదట వాయించే స్వరశ్రేణి. పాడుకోదగ్గ బాణీలు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. మధ్యభాగంలో పిల్లలాటలాంటి కొంటెతనం. చివర్లో దీపాలన్నీ ఒక్కసారి వెలిగినట్టు వైభవం. ఒకప్పుడు పారిస్‌ను తన పదునైన ధ్వనులతో అదరగొట్టిన మనిషేనా ఇది రాసింది అనిపిస్తుంది.

అందుకే దీనిమీద వాదన తెగదు. భయపడి అధికారులకు నచ్చేట్టు రాశాడని కొందరంటారు. ఆయన 1930ల నుంచే ‘కొత్త సరళత’ కోసం వెతుకుతున్నాడు, ఇది ఆ దారిలో వచ్చిందేనని మరికొందరు. రెండూ నిజమయ్యే అవకాశం ఉందన్నది చాలామందికి రుచించని మాట. మనిషి తనకిష్టమైనదే రాస్తూ, అదృష్టవశాత్తూ ఇది వాళ్లకూ నచ్చుతుందిలే అనుకోకూడదా? అలా అనుకోవాల్సి రావడమే ఆ కాలపు అసలు శిక్ష. ఎందుకంటే ఏది తన ఇష్టమో, ఏది భయమో రాసినవాడికే తేడా తెలియకుండాపోతుంది.

రాతప్రతి మీద ప్రొకోఫియెవ్‌ ఓ వాక్యం రాసుకున్నాడు. మనిషి అన్న మాటలోని ఠీవి గురించి గోర్కీ తన నాటకంలో ఓ పాత్రతో అనిపించిన వాక్యం. ‘అమ్మ’ నవలతో తెలుగువాళ్లకు చిరపరిచితుడైన ఆ గోర్కీయే. సోవియట్‌ దేశంలో గోర్కీ మాటకు తిరుగులేదు. ఆ వాక్యాన్ని ఏ కమిటీ తప్పుపట్టలేదు. మరి ప్రొకోఫియెవ్‌ దాన్ని కవచంగా పెట్టుకున్నాడా, మొదటి భార్య జైల్లో ఉన్న ఆ ఏడాది మనసారా రాసుకున్నాడా? సొనాటా మీద ఉన్న ప్రశ్నే దానిమీదా ఉంది. ఏమైనా, పరీక్షలన్నీ అయ్యాక కూడా ఆ సంగీతం అలసిపోయినట్టు వినిపించదు.

115 పేజీల తర్వాత

ప్రొకోఫియెవ్‌ 1953 మార్చి 5 రాత్రి కన్నుమూశాడు. అదే రాత్రి, గంటైనా తేడా లేకుండా స్టాలిన్‌ పోయాడు. ప్రొకోఫియెవ్‌ ఉండే ఇల్లు రెడ్‌స్క్వేర్‌కు దగ్గర. స్టాలిన్‌ను చూడటానికి పోటెత్తిన జనంతో దారులన్నీ మూసుకుపోయాయి. శవపేటికను బయటకు తీసుకురావడమే కష్టమైంది. మాస్కోలో పూలన్నీ అటే వెళ్లిపోయాయి. స్వరకర్తల సంఘం పత్రిక ఆ తర్వాతి సంచికలో ఆయన మరణవార్త 116వ పేజీలో వేసింది. ముందున్న 115 పేజీలూ స్టాలిన్‌వే! స్టాలిన్‌ భౌతికకాయం దగ్గర వాయించడానికి తిబిలిసీ నుంచి విమానంలో పిలిపించిన కళాకారుల్లో రిక్టర్‌ ఉన్నాడు. పూలదండలతో నిండిన విమానంలో వచ్చానని ఆయనే చెప్పాడు.

1948 తీర్మానం తప్పని పార్టీ ఒప్పుకోవడానికి మరో అయిదేళ్లు పట్టింది. అదీ 1958 మే 28న, పాక్షికంగా.

తర్వాతి వంతు రోస్ట్రోపోవిచ్‌ది. ప్రభుత్వ ఆగ్రహానికి గురైన రచయిత సోల్జెనిత్సిన్‌కు 1969 నుంచీ తన విడిదింట్లో చోటిచ్చాడు. 1970లో ఆయన్ని సమర్థిస్తూ పత్రికల సంపాదకులకు బహిరంగలేఖ రాశాడు. 1948లో ప్రొకోఫియెవ్‌, షోస్టకోవిచ్‌ల మీద రాసిన రాతలు ఇప్పుడు చదివితే సిగ్గేయడంలేదా అని అందులో నిలదీశాడు. సోవియట్‌ పత్రికలేవీ దాన్ని అచ్చువేయలేదు. ఒక్కొక్కటిగా కచేరీలు ఆగిపోయాయి. 1974లో దేశం విడిచాడు. 1978లో పౌరసత్వం తీసేశారు. షోస్టకోవిచ్‌ 1975లో మరణిస్తే అంత్యక్రియలకు వచ్చే వీల్లేకపోయింది. మళ్లీ మాస్కోలో వాయించింది 1990లో.

షోస్టకోవిచ్‌, ప్రొకోఫియెవ్‌ల సొనాటాలు రెండింటినీ చెల్లో కళాకారులు ఇప్పటికీ తరచూ ఒకే కచేరీలో జతచేస్తుంటారు. తన సొనాటాను షోస్టకోవిచ్‌ స్వయంగా పియానో మీద వాయించిన రికార్డింగులు ఉన్నాయి. 1946లో డానిల్‌ షాఫ్రాన్‌తో ఒకటి, 1950ల చివర్లో రోస్ట్రోపోవిచ్‌తో ఇంకొకటి. రోస్ట్రోపోవిచ్‌, రిక్టర్‌లు 1950లో వాయించిన ప్రొకోఫియెవ్‌ సొనాటా కూడా తర్వాత సీడీల్లోకి వచ్చింది. పాత రికార్డింగు, శబ్దం అంత శుభ్రంగా ఉండదు. మొదట వినిపించేది చెల్లో ఒక్కటే, అడుగు తీగల మీద, తొందరేమీ లేకుండా. పియానో కాసేపటికి వచ్చి చేరుతుంది.